బిగ్ టెన్ యూనివర్సిటీల్లో మనకి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా

దసరా వెళ్ళి, సిరిమానోత్సవం హడావిడి కూడా అయిపోగానే మా విజయనగరం ఇంజనీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక ఎక్సెల్ షీటు వచ్చి పడుతుంది. అమెరికా యూనివర్సిటీల పేర్లు, ర్యాంకు, ఫీజు, చివర్లో ‘బిగ్ టెన్’ అని ఒక గడి, అందులో అవును అని ఉంటే ఆకుపచ్చ రంగు. చింతలవలస నుంచి రాజాం దాకా, అటు టెక్కలి దాకా అదే షీటు తిరుగుతుంది, మొదట ఎవరు తయారుచేశారో ఎవరికీ తెలీదు. వైజాగ్ ద్వారకానగర్ కన్సల్టెన్సీల్లోనూ అదే పాట వినిపిస్తుంది: ‘బిగ్ టెన్ స్కూల్ అండి, కళ్ళు మూసుకుని వెళ్ళిపోవచ్చు.’ కళ్ళు మూసుకుని వెళ్ళిపోడానికి అదేమన్నా మేనత్త ఇల్లా? నలభై యాభై లక్షల అప్పు సంగతి ఇది.

బిగ్ టెన్ అనేది ఆటల లీగు. అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, కుస్తీ లాంటి ఆటల్లో ఏ కాలేజీ జట్టు ఎవరితో ఆడాలి, టీవీ డబ్బు ఎలా పంచుకోవాలి అన్నవి చూసుకునే సంఘం. 1896లో చికాగోలో ఏడు యూనివర్సిటీలతో మొదలైంది, పేరు పదే గానీ ఇప్పుడు లెక్క 18. ఇల్లినాయ్, ఇండియానా, అయోవా, మేరీల్యాండ్, మిషిగన్, మిషిగన్ స్టేట్, మిన్నెసోటా, నెబ్రాస్కా, నార్త్‌వెస్టర్న్, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్, పర్డ్యూ, రట్గర్స్, విస్కాన్సిన్, వీటికి తోడు 2024లో పడమటి తీరం నుంచి వచ్చి చేరిన యూసీఎల్ఏ, యూఎస్‌సీ (ఈ రెండూ లాస్ ఏంజెలెస్‌లోవి), ఆరెగన్, వాషింగ్టన్. మీ అడ్మిషన్‌కి గానీ, వీసాకి గానీ, తర్వాత ఉద్యోగానికి గానీ ఈ లీగుతో నేరుగా ఏ సంబంధం లేదు. 2022లో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో కుదిరిన ఏడేళ్ళ టీవీ ఒప్పందం 700 కోట్ల డాలర్ల పైమాటే అని వార్తలొచ్చాయి. అందులో మీ ల్యాబ్‌కి వచ్చేది సున్నా అనుకుని లెక్క మొదలెట్టండి.

అలాగని ఆ గడిని పూర్తిగా కొట్టెయ్యక్కర్లేదు. నార్త్‌వెస్టర్న్, యూఎస్‌సీ ప్రైవేటు, మిగతా 16 ప్రభుత్వ యూనివర్సిటీలు. దాదాపు అన్నీ పెద్దవి, పరిశోధన బాగా జరిగేవి. పరిశోధనా విశ్వవిద్యాలయాల సంఘం ఏఏయూలో ఒక్క నెబ్రాస్కా తప్ప అన్నీ సభ్యులే. 1958 నుంచి వీటికి చదువుల వైపు కూడా ఒక కూటమి ఉంది, దాని పుణ్యమా అని ఒక యూనివర్సిటీ లైబ్రరీలో లేని పుస్తకం ఇంకో యూనివర్సిటీ నుంచి తెప్పించుకోవచ్చు. కాబట్టి ఇవన్నీ ఒక స్థాయివి అనుకుని, వీటిలో వీటికి తేడా చూడటం న్యాయమే. ఆ తేడా లీగు పేరు చెప్పదు, మీరు వెతుక్కోవాలి. ఎలా వెతకాలో చెప్తాను.

ముందు క్యాంపస్ ఊరి పేరు చదవండి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి దీని మీద కాస్త ఎక్కువ చెప్తాను. అమెరికాలో ఒకే పేరుతో రెండు మూడు క్యాంపస్‌లు ఉంటాయి, ప్రతి దానికీ అడ్మిషన్ వేరు, ప్రొఫెసర్లు వేరు, ఫీజు వేరు. లీగులో ఆడేది వాటిలో ఒక్కటే. యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ అంటే లీగులో ఉన్నది ఆన్ ఆర్బర్, డియర్‌బోర్న్, ఫ్లింట్ కాదు. ఇల్లినాయ్ అంటే అర్బానా-షాంపేన్. చికాగోలో ఉన్న ఇల్లినాయ్, అంటే యూఐసీ, వేరు. విస్కాన్సిన్‌లో మాడిసన్, మిల్వాకీ వేరు. మిన్నెసోటాలో ట్విన్ సిటీస్, డులూత్ వేరు. నెబ్రాస్కాలో లింకన్, ఒమాహా వేరు. రట్గర్స్‌లో న్యూ బ్రన్స్‌విక్, నెవార్క్, కామ్డెన్ వేరు. వాషింగ్టన్‌లో సియాటిల్, బోథెల్, టకోమా వేరు. పెన్ స్టేట్ అంటే యూనివర్సిటీ పార్క్, హారిస్‌బర్గ్ క్యాంపస్ వేరు. ఇండియానాపోలిస్‌లో ఐయూపీయూఐ అని ఇండియానా, పర్డ్యూ కలిసి నడిపిన క్యాంపస్ ఒకటి ఉండేది. 2024 జులైలో అది రెండుగా విడిపోయింది: ఇండియానా భాగం విడి క్యాంపస్‌గా నిలబడింది, పర్డ్యూ భాగం మాత్రం వెస్ట్ లఫాయెట్ ప్రధాన క్యాంపస్‌కి కొనసాగింపు. సీనియర్లు పెట్టిన పాత పోస్టులు చదివి ఈ రెంటి గురించి ఒక అభిప్రాయానికి రాకండి, అప్పటి క్యాంపస్ ఇప్పుడు లేదు.

ఇక పేరు దగ్గరగా ఉండి అసలు సంబంధమే లేనివి కొన్ని. అయోవా వేరు, అయోవా స్టేట్ వేరు. ఆరెగన్, ఆరెగన్ స్టేట్ అంతే. వాషింగ్టన్ అంటే సియాటిల్, వాషింగ్టన్ స్టేట్ ఉన్నది పుల్‌మన్‌లో, వాషింగ్టన్ యూనివర్సిటీ ఇన్ సెయింట్ లూయిస్ అయితే ఏకంగా మిస్సోరి రాష్ట్రంలో. నార్త్‌వెస్టర్న్‌కీ బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్‌కీ మధ్య దూరం పదహారు వందల కిలోమీటర్లు దాకా ఉంటుంది. పెన్ స్టేట్ బిగ్ టెన్, యూనివర్సిటీ ఆఫ్ పెన్సిల్వేనియా ఐవీ లీగ్. అన్నట్టు ఐవీ లీగ్ కూడా ఆటల లీగే, ఆ సంగతి పెళ్ళిళ్ళలో గొప్పలు చెప్పే బంధువులకి చెప్పినా నమ్మరు.

కాబట్టి షీటులో పేరు పక్కన ఊరి పేరు కోసం ఒక గడి పెట్టండి. అడ్మిట్ లెటర్ వచ్చాక పైనున్న లోగో చూసి మురిసిపోకుండా, కింద సంతకం చేసిన ఆఫీసు ఏ ఊళ్ళో ఉందో చూడండి. వీసా కోసం యూనివర్సిటీ పంపే ఐ-20 అనే పత్రం మీద స్కూలు పేరు, చిరునామా స్పష్టంగా ఉంటాయి, అదే చివరి మాట.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే తప్పుదోవ పట్టించినట్టవుతుంది. సత్య నాదెళ్ళ ఎంఎస్ చేసింది విస్కాన్సిన్ మిల్వాకీలో, లీగులో ఉన్న మాడిసన్‌లో కాదు. తర్వాత ఎంబీఏ చేసింది యూనివర్సిటీ ఆఫ్ చికాగోలో, అది 1946లోనే లీగు వదిలేసిన యూనివర్సిటీ. చిన్న క్యాంపస్‌కి వెళ్తే తప్పేం లేదు. పెద్ద క్యాంపస్ అనుకుని, పెద్ద క్యాంపస్ ఆశలతో, పెద్ద క్యాంపస్ ఫీజు కట్టి చిన్న క్యాంపస్‌కి వెళ్తేనే తేడా కొడుతుంది.

మీ కోర్సు అక్కడ ఉందా, ఉంటే ఏ రూపంలో ఉంది

లీగు ఒకటే అయినంత మాత్రాన అన్నిచోట్లా అన్నీ దొరకవు. యూనివర్సిటీ ఆఫ్ ఆరెగన్‌లో మామూలుగా మనం అనుకునే ఇంజనీరింగ్ కాలేజీ లేదు. కంప్యూటర్ సైన్స్ ఉంది గానీ సివిల్, మెకానికల్ చదవాలంటే ఆ రాష్ట్రంలో ఆరెగన్ స్టేట్ లాంటి వేరే యూనివర్సిటీకి పోవాల్సిందే. ఇండియానా బ్లూమింగ్టన్‌లోనూ కంప్యూటింగ్, బిజినెస్ గట్టివి, మెకానికల్ కోసమైతే అదే రాష్ట్రంలో పర్డ్యూ ఉంది. మెకానికల్ పిల్లాడు ర్యాంకు చూసి ఈ రెంటినీ షీటులో పెట్టుకుంటే రెండు వరుసలు దండగ.

నైర వ్యవసాయ కళాశాల నుంచి బీఎస్సీ అగ్రికల్చర్ చేసి వెళ్ళేవాళ్ళకి లెక్క ఇంకోలా ఉంటుంది. 1862 నాటి మోరిల్ చట్టం కింద ఇచ్చిన భూములతో, ప్రధానంగా వ్యవసాయం, ఇంజనీరింగ్ నేర్పడం కోసం నిలబడిన యూనివర్సిటీలు ఈ లీగులో చాలా ఉన్నాయి: పర్డ్యూ, ఇల్లినాయ్, విస్కాన్సిన్, మిన్నెసోటా, ఒహాయో స్టేట్, పెన్ స్టేట్, మిషిగన్ స్టేట్, నెబ్రాస్కా, మేరీల్యాండ్, రట్గర్స్. మీ వేట వీటిలోనే సాగాలి. నెబ్రాస్కా 2011లో లీగులో చేరింది, అదే ఏడాది ఏఏయూ నుంచి సభ్యత్వం పోగొట్టుకుంది. అందుకు చెప్పుకునే కారణాల్లో ఒకటేంటంటే వాళ్ళ మెడికల్ సెంటర్ ఒమాహాలో విడి సంస్థగా ఉండటం, ఇంకొకటి వ్యవసాయ పరిశోధనకి వచ్చే కొన్ని నిధుల్ని ఏఏయూ లెక్కలో సమానంగా చూడకపోవడం. అంటే కంప్యూటర్ సైన్స్ కుర్రాడికి ఎర్రజెండాలా కనిపించే అదే విషయం ఆగ్రానమీ అమ్మాయికి అసలు విషయమే కాదు, మొక్కజొన్న, సాగునీరు మీద పనిచేయాలనుకుంటే నెబ్రాస్కా పైన ఉండాల్సిన పేరు.

కంప్యూటర్ సైన్స్ వాళ్ళకి సీఎస్‌ర్యాంకింగ్స్ అనే సైటు ఉంది, అది ప్రొఫెసర్లు ఏ పెద్ద సదస్సుల్లో ఎన్ని పేపర్లు వేశారో చూసి వరుస చూపిస్తుంది. మీకు కావాల్సిన విభాగం, ఉదాహరణకి డేటాబేసో, సెక్యూరిటీయో, దాన్ని మాత్రం టిక్కు పెట్టి చూస్తే మొత్తం ర్యాంకుకీ దీనికీ తేడా వెంటనే కనబడుతుంది. కానీ అది పరిశోధన కొలత. కోర్సులు చేసి ఉద్యోగానికి పోదామనుకునే ఎంఎస్ పిల్లాడికి అందులో సగమే పనికొస్తుంది.

పేరున్న మనిషిని చూసి కూడా మొగ్గకండి. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన సీఆర్ రావు గారు పెన్ స్టేట్‌లో ప్రొఫెసర్‌గా ఉన్నారు. హరగోవింద్ ఖొరానాకి 1968లో నోబెల్ తెచ్చిన పని విస్కాన్సిన్‌లో ఉన్నప్పటిది. వినడానికి ఛాతీ ఉప్పొంగుతుంది, సరే. కానీ మీరు చేరేనాటికి ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరున్నారు, వాళ్ళలో ఎవరు ఈ ఏడాది క్లాసులు చెప్తున్నారు, ఎవరు సెలవు మీద ఉన్నారు అన్నది డిపార్ట్‌మెంట్ పేజీలో, కోర్సు షెడ్యూల్లో ఉంటుంది. కోర్సు షెడ్యూల్ చాలా యూనివర్సిటీల్లో లాగిన్ లేకుండానే తెరుచుకుంటుంది. కేటలాగులో నలభై కోర్సులు కనిపిస్తాయి, నిజంగా ఈ సెమిస్టర్‌లో నడుస్తున్నవి ఎన్నో అక్కడ లెక్కపెట్టుకోండి.

ఒకే డిపార్ట్‌మెంట్‌లో రెండు రకాల మాస్టర్స్ ఉంటాయని కూడా గుర్తుంచుకోండి. ఇల్లినాయ్‌లో కంప్యూటర్ సైన్స్‌కి థీసిస్‌తో ఎంఎస్ ఉంది, కోర్సులు చేసి బయటికొచ్చే ఎంసీఎస్ ఉంది. సీటు దొరికే అవకాశం, అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలో పని, బదులుగా ఫీజు మాఫీ, జీతం) దొరికే అవకాశం రెంటికీ ఒకేలా ఉండవు. ‘ఇల్లినాయ్‌లో సీటు వచ్చింది’ అని ఎవరన్నా అంటే ఏ డిగ్రీలో అని అడక్కుండా మీ షీటులో ఏమీ రాసుకోకండి.

డబ్బు లెక్క: ఐ-20ని దగ్గరగా చదవడం

ఐ-20 మొదటి పేజీ కింది భాగంలో డబ్బు పట్టిక ఉంటుంది. ఎడమవైపు ఖర్చు: ట్యూషన్ ఫీజులు, బతుకు ఖర్చు, ఇతరాలు, మొత్తం. కుడివైపు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో: సొంత నిధులు, స్కూలు ఇచ్చేది, వేరే ఎవరన్నా ఇచ్చేది. ఇంట్లో నాన్న చూసేది మొత్తం అనే వరుస ఒక్కటే. ఆ పట్టిక తలమీద ‘ఇన్ని నెలలకి’ అని చిన్న అంకె ఉంటుంది, ముందు అది చూడాలి. కొన్ని యూనివర్సిటీలు 9 నెలలకి వేస్తాయి, కొన్ని 12 నెలలకి. ఊరికే ఒక లెక్క వేద్దాం. ఒకచోట 9 నెలలకి 48,000 డాలర్లు, ఇంకోచోట 12 నెలలకి 54,000 అనుకోండి. చూడగానే మొదటిది ఆరు వేలు చవక. వేసవి మూడు నెలలు అద్దె, తిండి, ఇన్సూరెన్స్ కలిపి నెలకి 1,500 వేసుకుంటే మొదటిది 52,500 అయింది, తేడా 1,500కి దిగిపోయింది. పైగా మొదటిచోట కోర్సు నాలుగు సెమిస్టర్లు, రెండోచోట మూడు సెమిస్టర్లలో అయిపోతే చవకది తిరగబడి ఖరీదైంది. ఇంత లెక్కా వేశాకే రూపాయల్లోకి మార్చండి, ముందే మారిస్తే గుండె దడతో ఏదీ సరిగ్గా కనబడదు.

యూసీఎల్ఏ, వాషింగ్టన్, ఆరెగన్, నార్త్‌వెస్టర్న్‌లలో సెమిస్టర్లు ఉండవు, క్వార్టర్ పద్ధతి. పది వారాలకో టర్ము, ఏడాదికి మూడు. అక్కడ ఫీజు పేజీలో కనిపించే అంకె ఒక క్వార్టర్‌ది, పక్కనే పర్డ్యూలో కనిపించేది సెమిస్టర్‌ది. రెండూ ఒకే గడిలో వేసేసి పోల్చే షీటులు బోలెడు చూశాను. బ్యాంకుకి కూడా ఇది ముందే చెప్పాలి, లోను విడుదల ఏడాదికి రెండుసార్లు కాకుండా మూడుసార్లు అడగాల్సి వస్తుంది కాబట్టి. ఇక క్వార్టర్ చదువు అంటే ఊపిరి తిప్పుకునేలోపు మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది, ఇక్కడ సెమిస్టర్ చివరి వారంలో ఆల్‌ఇన్‌వన్ గైడు తెరిచే అలవాటున్నవాళ్ళు ఆలోచించుకోండి.

సైటులో పెద్ద అక్షరాల్లో ఉండే చవక ఫీజు ఆ రాష్ట్రం పిల్లలదే. పర్డ్యూ 2013 నుంచి ట్యూషన్ పెంచలేదని అందరూ చెప్పుకుంటారు, ఇండియానా రాష్ట్రం బీఎస్ (అక్కడి డిగ్రీ) పిల్లలకి అది ఏడాదికి పది వేల డాలర్ల లోపే. ఆ అంకె మనది కాదు, బయటి దేశంవాళ్ళ గడి వేరే ఉంటుంది, దానిమీద అంతర్జాతీయ ఫీజు, ఇంజనీరింగ్ ఫీజు అని కొసర్లు. ప్రైవేటులో అయితే ఈ రాష్ట్రం, ఆ రాష్ట్రం తేడా ఉండదు, యూఎస్‌సీలో బీఎస్ ట్యూషన్ ఒక్కటే ఏడాదికి 70 వేల డాలర్లు దాటింది.

అసిస్టెంట్‌షిప్ గురించి టూకీగా. టీఏ (పాఠాలకి సాయం), ఆర్ఏ (పరిశోధనకి సాయం) దొరికితే చాలాచోట్ల ట్యూషన్ మాఫీ, నెలకి జీతం వస్తాయి. పీహెచ్‌డీకి ఇది మామూలే, ఎంఎస్‌కి అదృష్టం మీద. ‘వెళ్ళాక దొరుకుతుందిలే’ అన్న మాటని బడ్జెట్‌లో సున్నాగా రాయండి. ఆ డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, ‘గత ఏడాది ఎంఎస్ మొదటి సంవత్సరం పిల్లల్లో ఎంతమందికి ఫండింగ్ వచ్చింది, ట్యూషన్ మాఫీలో ఫీజులు కూడా పోతాయా’ అని రెండే ప్రశ్నలు అడగండి. జవాబిచ్చిన తీరుని బట్టి కూడా ఆ ఆఫీసు ఎలాంటిదో అర్థమవుతుంది.

ఐ-20 మీద మీ మేజర్ పక్కన ఒక కోడ్ ఉంటుంది. అది ప్రభుత్వ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటేనే చదువయ్యాక అక్కడ పనిచేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు పొడిగింపుకి దారి. పేరులో అనలిటిక్స్ అని ఉన్నంత మాత్రాన స్టెమ్ అయిపోదు, ఒక యూనివర్సిటీలో ఉన్న కోడ్ ఇంకో యూనివర్సిటీలో ఉండకపోవచ్చు. ఇది కూడా షీటులో ఒక గడి.

ఊరు ఎలాంటిది

అమ్మ అడిగే మొదటి ప్రశ్న ‘అక్కడ మనోళ్ళు ఎవరైనా ఉన్నారా’ అని. నవ్వకండి, మంచి ప్రశ్నే. రట్గర్స్ న్యూ బ్రన్స్‌విక్ పక్కనే ఎడిసన్ ఉంది, అక్కడ తెలుగువాళ్ళు, మన కిరాణా కొట్లు ఎక్కువ. పైగా జాన్సన్ అండ్ జాన్సన్ ముఖ్య కార్యాలయం ఆ ఊళ్ళోనే, ఫార్మసీ వాళ్ళు రాసుకోండి. షాంపేన్, వెస్ట్ లఫాయెట్, బ్లూమింగ్టన్, అయోవా సిటీ, పెన్ స్టేట్ ఉన్న స్టేట్ కాలేజ్, ఇవి యూనివర్సిటీ చుట్టూ పెరిగిన చిన్న ఊళ్ళు. అద్దె తక్కువ, బస్సులో తిరగొచ్చు, కానీ ఇంటర్న్‌షిప్‌కి బయటి ఊరు పోవాలి. సియాటిల్, లాస్ ఏంజెలెస్‌లో కంపెనీలు ఇంటి ముందే, అద్దె మాత్రం వణికిస్తుంది. ఈ రెంటికీ మధ్యలో మాడిసన్, కొలంబస్, మినియాపోలిస్ లాంటివి నాకు నచ్చుతాయి: రాష్ట్ర రాజధానో, దాన్ని అంటుకున్న నగరమో కాబట్టి చుట్టుపక్కల ఉద్యోగాలుంటాయి, ఖర్చు సియాటిల్ అంత కాదు. మాడిసన్ పక్కన వెరోనాలో ఎపిక్ అనే హాస్పిటల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉంది, మినియాపోలిస్ వైపు టార్గెట్, 3ఎం ఉన్నాయి, ఆన్ ఆర్బర్‌కి డెట్రాయిట్ కార్ల కంపెనీలు దగ్గర.

చలి గురించి అందరూ చెప్తారు, కాబట్టి ఒక్క ముక్క: మినియాపోలిస్‌లో మైనస్ 20 కిందకి వెళ్ళే రోజులు ఉంటాయి, కళింగపట్నం గాలికి అలవాటుపడ్డ ఒంటికి మొదటి జనవరి కష్టమే, జాకెట్ అక్కడే కొనుక్కోండి.

లీగు ప్రభావం ఊరి మీద నిజంగా కనిపించేది శరదృతువు శనివారాల్లో. ఆన్ ఆర్బర్ స్టేడియంలో 1,07,601 మంది కూర్చుంటారు, 2011 లెక్కల్లో శ్రీకాకుళం పట్నం జనాభా లక్షా పాతికవేల చిల్లర. అంతమంది ఒక్క పూటలో దిగితే రోడ్లు, హోటల్ రేట్లు ఎలా ఉంటాయో ఊహించుకోండి. ఆ వారాంతంలో ఎవరినైనా చూడ్డానికి రమ్మని పిలవకండి. కొన్ని యూనివర్సిటీలు తప్పనిసరి ఫీజుల్లో ఆటల ఫీజు కూడా కలుపుతాయి, మీరు మ్యాచ్ చూసినా చూడకపోయినా కట్టాలి, ఫీజు పట్టికలో ఆ వరుస ఉందేమో చూడండి. మాడిసన్‌లో ఇంకో వింత, అద్దె ఒప్పందాలు చాలావరకు ఆగస్టు 14న ముగిసి 15న కొత్తవి మొదలవుతాయి, ఊరంతా ఒకేసారి ఇళ్ళు మారుతుంది. రోడ్డు పక్కన సోఫాలు, బల్లలు, చదువుకునే లైట్లు వదిలేసి పోతారు, కొత్తగా దిగినవాళ్ళు సామాను కొనకుండా రెండు రోజులు ఆగితే సగం ఇల్లు నిండుతుంది. నల్లులున్నాయేమో చూసి తెచ్చుకోండి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి

బీఎస్‌కి వెళ్ళేవాళ్ళు ఒక్కో యూనివర్సిటీ పేరుతో పాటు ‘కామన్ డేటా సెట్’ అని వెతకండి. అందరూ ఒకే ఫారం నింపుతారు కాబట్టి పోల్చడానికి ఇంతకంటే హాయైనది లేదు. అందులో హెచ్6 అనే ప్రశ్నలో బయటి దేశం పిల్లలకి యూనివర్సిటీ సొంత సొమ్ముతో సాయం చేస్తుందా, చేస్తే ఎంతమందికి, సగటున ఎంత అని ఉంటుంది. ఐ3 దగ్గర ఎంత పెద్ద క్లాసులు ఎన్ని ఉన్నాయో ఉంటుంది, వందమంది దాటిన క్లాసుల లెక్క అక్కడ చూసుకోండి. ‘మాది పన్నెండుమందికి ఒక టీచర్’ అనే బ్రోచర్ మాట కన్నా ఈ పట్టిక ఎంతో నిజం చెప్తుంది.

అమెరికా విద్యాశాఖ కాలేజ్ స్కోర్‌కార్డ్‌లో చదివిన తర్వాత జీతాలు కూడా చూపిస్తారు. అవి అక్కడి ప్రభుత్వం నుంచి లోనో, గ్రాంటో తీసుకున్న పిల్లల లెక్కలు, అంటే మన పిల్లలు అందులో లేరు. ఒక యూనివర్సిటీ కంటే ఇంకోటి మేలా అని చూసుకోడానికి పనికొస్తాయి, ‘నాకు ఇంత వస్తుంది’ అనుకోడానికి పనికిరావు. ఎంఎస్ వాళ్ళయితే డిపార్ట్‌మెంట్ ఇచ్చే ఉద్యోగాల రిపోర్టు అడిగి, అందులో ఎంతమంది జవాబిచ్చారన్న శాతం ముందు చూడండి. ఆ శాతం రాయని రిపోర్టుని నేనైతే పక్కన పడేస్తాను.

ఆట మీద వెళ్దామనుకునేవాళ్ళకి

ఇక్కడ మాత్రం లీగు నిజంగా లెక్కలోకి వస్తుంది. మన జిల్లాల్లో బరువులెత్తే పిల్లలకి కొదవ లేదు, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్ళి 2000 సిడ్నీలో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఉంది, విజయనగరం పక్కన కొండవెలగాడలో ఇప్పటికీ పిల్లలు పొద్దున్నే బార్‌బెల్ పడతారు. కానీ వెయిట్‌లిఫ్టింగ్‌కి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ పోటీలు నిర్వహించదు. కబడ్డీకీ అంతే, క్రికెట్‌కీ అంతే, బ్యాడ్మింటన్‌కీ అంతే. ఈ ఆటల వాళ్ళకి ‘స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం’ అని ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

దారి ఉన్నది అథ్లెటిక్స్, టెన్నిస్, ఈత, గోల్ఫ్ లాంటివాటికి. మైనేని సాకేత్ టెన్నిస్ ఆడుతూ అలబామాలో చదివాడు. తేజస్విన్ శంకర్ హైజంప్ మీద కాన్సాస్ స్టేట్‌కి వెళ్ళి 2018లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచాడు. ఇద్దరివీ బిగ్ టెన్ యూనివర్సిటీలు కావు, అందుకే ఒక్క లీగుకే కట్టుబడి వెతక్కండి. పోల్చేటప్పుడు ముందు మీ ఆట ఆ యూనివర్సిటీలో ఇంకా ఉందా చూడండి: 2020లో మిన్నెసోటా, అయోవా రెండూ మగపిల్లల టెన్నిస్, జిమ్నాస్టిక్స్ జట్లు తీసేస్తున్నట్టు ప్రకటించాయి. తర్వాత మీ ఈవెంట్‌లో వాళ్ళ జట్టు మార్కులు (టైము, ఎత్తు, దూరం) తీసి మీ మార్కు పక్కన పెట్టండి, జట్టులో నాలుగో మనిషి కంటే మీరు వెనకుంటే స్కాలర్‌షిప్ ఆశ తక్కువ. ప్రయాణాలు కూడా చూడండి, ఇప్పుడు లీగు న్యూజెర్సీ నుంచి కాలిఫోర్నియా దాకా పరుచుకుంది, మ్యాచ్‌కి దేశం ఈ చివర నుంచి ఆ చివరకి ఎగరాలి, క్లాసులు పోతాయి.

ఇంకో రెండు ముఖ్యం. అర్హత గడియారం, అంటే ఎన్నేళ్ళు ఆడొచ్చన్న లెక్క, మన ఊళ్ళో డిగ్రీలోనో బీటెక్‌లోనో రెగ్యులర్‌గా చేరిన రోజు నుంచే నడుస్తుంది, కాబట్టి ‘ఇక్కడ డిగ్రీ పూర్తిచేసి వెళ్తాడు’ అనుకుంటే ఆడటానికి మిగిలేది ఏమంత ఉండదు. ఇంటర్‌లోనే ఎన్‌సీఏఏ అర్హత కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. 2025 కోర్టు ఒప్పందం తర్వాత యూనివర్సిటీలు ఆటగాళ్ళకి నేరుగా డబ్బివ్వొచ్చు అని చదివి సంబరపడిపోవద్దు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ సొమ్ము, ప్రకటనల సొమ్ము వీసా నిబంధనలతో చిక్కు తెస్తాయి. యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు రాతపూర్వకంగా సరే అనకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

ఆఫర్లు చేతికొచ్చాక

ఐదారు వరుసలకి తగ్గించుకున్నాక ప్రతి యూనివర్సిటీలో ప్రస్తుతం చదువుతున్న ఇద్దరితో మాట్లాడండి, ఒకరు తెలుగువాళ్ళు, ఒకరు కానివాళ్ళు అయితే మంచిది. ‘ఎలా ఉంది అన్నా’ అని అడిగితే ‘సూపర్ రా’ అంటారు, ఏమీ తెలీదు. ‘మీ బ్యాచ్‌లో ఈ వేసవి ఇంటర్న్‌షిప్ లేనివాళ్ళు ఎంతమంది, మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సులో సీటు దొరకలేదు, అద్దె ఎంత కడుతున్నావు’ అని అడగండి.

ఫండింగ్‌తో వచ్చిన ఆఫర్లకి అమెరికా గ్రాడ్యుయేట్ స్కూళ్ళలో ఏప్రిల్ 15 అనే కట్టుబాటు ఉంది. దానికి ఒప్పుకున్న యూనివర్సిటీలు ఆ తేదీకి ముందే తేల్చి చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఫండింగ్ లేని ఎంఎస్ ఆఫర్లకి ఆ రక్షణ ఉండదు, మార్చిలోనే డిపాజిట్ కట్టమని మెయిల్ వస్తుంది. కట్టేముందు ఆ డిపాజిట్ వెనక్కి వస్తుందా రాదా చదవండి. వేరే చోట నుంచి జవాబు రావాల్సి ఉంటే గడువు రెండు వారాలు పెంచమని ఆ డిపార్ట్‌మెంట్‌కి నాలుగు లైన్ల మెయిల్ రాయండి, ఎక్కడి నుంచి జవాబు కోసం చూస్తున్నారో, ఏ తేదీకి చెప్పగలరో అందులో సూటిగా పెట్టండి. అడిగినంత మాత్రాన సీటు తీసెయ్యరు.